పొమ్మన్నవాళ్లే వదిలేసి పోయిందంటే

వేదిక మీదున్న పెద్దలకు, సాటి న్యాయవాదులకు, పల్లెల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లకు నమస్కారం. ఈరోజు నవంబరు 9, జాతీయ న్యాయసేవల దినం. ఉచిత న్యాయసహాయం గురించి మాట్లాడమన్నారు. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా వకీలును పెట్టిస్తారు. వచ్చి అడగండి. మిగిలిన టైమంతా నేను విడాకుల కేసులకే వాడుకుంటాను.

హిందూ వివాహ చట్టం 1955లో వచ్చింది. క్రూరత్వం, విడిచిపెట్టి పోవడం అన్న కారణాల మీద విడాకులు అడిగే వీలు మాత్రం 1976 సవరణతోనే వచ్చింది. విడిచిపెట్టారని చెప్పాలంటే పిటిషన్ వేసేనాటికి రెండేళ్లు ఎడతెగకుండా గడవాలి. ఈ రెండేళ్ల లెక్క తెలిసినవాళ్లు ఏం చేస్తారో చెప్తాను.

చంద్రగిరి వైపు అమ్మాయి. నెలల బిడ్డతో ఆటో ఎక్కించి అమ్మగారింటికి పంపేశారు. రెండేళ్లు దాటగానే, తనను మానసికంగా హింసించి వదిలేసి పోయిందని భర్త పిటిషన్ వేశాడు. ‘నేనెక్కడ వదిలేస్తిని మేడం, పొమ్మంటేనే కదా వచ్చేస్తిని’ అని ఏడ్చింది. గడప దాటింది ఎవరన్నది ఒక్కటే చాలదమ్మా. కాపురం వద్దనుకున్నది ఎవరు, సరైన కారణం ఉందా లేదా అన్నది కోర్టు చూస్తుంది. ఉండలేని పరిస్థితి తెచ్చి పంపేస్తే, వదిలిపెట్టినవాడు ఇంట్లో కూర్చున్నవాడే.

కానీ రుజువు కావాలి కదా. మర్నాడు ఆ పిల్ల ఒక లడ్డూ కవరు తెచ్చింది. అందులో భర్తకు రాసిన రిజిస్టర్ ఉత్తరాలు. అన్నీ తిరిగొచ్చినవే. వెనక, ఉత్తరం అందిందని సంతకం పెట్టించుకుని తిప్పి పంపే ఎక్నాలెడ్జ్‌మెంటు కార్డు అంటించినట్టే ఉంది. ముందు వైపు పోస్టుమాన్ చేతిరాత, ‘తీసుకోలేదు’ అని, కింద తేదీ, పొడి సంతకం. జడ్జిగారి ముందే ఒకటి తెరిచాం. నోటుబుక్కు కాగితం మీద రెండే వాక్యాలు. ‘పిల్లోడికి పండ్లు వచ్చినాయి. మీరు వస్తే మేము బయల్దేరతాము.’

పిటిషన్ కొట్టేశారు. గెలిచాం అందామా? పిల్లోడు అంగన్‌వాడీకి పోతున్నప్పుడు వేసిన కేసు, వాడు హైస్కూలుకు వచ్చాక తేలింది. నోటీసు అందిన ఆరు నెలల్లో విచారణ ముగించడానికి ప్రయత్నించాలని హిందూ వివాహ చట్టం 21బి సెక్షన్‌లోనే ఉంది. జూనియర్లకు దండం పెట్టి అడుగుతున్నాను, బిడ్డను చంకనేసుకుని తొలి బస్సుకు వచ్చిన మనిషి బోనులో నిలబడి ఉంటే వాయిదా అడగొద్దు. సీనియర్ వేరే కోర్టులో ఉన్నాడని అసలే చెప్పొద్దు. నా కళ్లతో చూశాను, ఆ పూట కూలి పోయి, బస్సు ఛార్జీలకు చెవి కమ్మలు కుదువ పెట్టిన వాళ్లను.

మన ఊరికి ఇంకో సంగతి కూడా ఉంది. పెళ్లి జరిగిన చోట కేసు వేయొచ్చు కాబట్టి, ఎక్కడెక్కడి వాళ్లో కొండ మీద పెళ్లి చేసుకున్నందుకు తిరుపతి కోర్టుకు రావాల్సి వస్తుంది. 2003 నుంచి భార్య తానుండే ఊళ్లోనే వేసుకోవచ్చు. భర్త ఇక్కడ వేసిన కేసును తన ఊరికి మార్చమని కూడా పైకోర్టును అడగొచ్చు. చాలామందికి ఎవరూ చెప్పరు.

అధ్యక్షులవారు చీటీ పంపారు. ఒక్క నిమిషం సార్, ఈ మాట చెప్పకుండా దిగను.

అమ్మా, కోర్టు నోటీసు వస్తే ‘మాకొద్దు’ అని పోస్టుమాన్‌ను తిప్పి పంపొద్దు. తీసుకోకపోతే కేసు ఆగిపోతుందని ఊళ్లో ఎవరో చెప్పుంటారు. ఆగదు. తీసుకోనన్నా అందినట్టే లెక్కేసి, మీరు లేకుండానే విడాకులు ఇచ్చేయొచ్చు. అప్పటికే అలా జరిగిపోయి ఉంటే, డిక్రీ, అంటే కోర్టు ఇచ్చిన విడాకుల ఉత్తర్వు, వచ్చిన 30 రోజుల్లో దాన్ని రద్దు చేయమని అడగాలి. అసలు నోటీసే సరిగా అందకపోతే, తెలిసిన రోజు నుంచి 30 రోజులు. నోటీసు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఇక్కడుంటే భోజనాలకు వెళ్లకముందే నా దగ్గరికి రండి. కాగితంతో పాటు అది వచ్చిన కవరు కూడా పట్టుకురండి.