సోలార్ 4జీ కెమెరా పెడితే సైట్‌లో దొంగతనాలు ఆగుతాయా? వైజాగ్ సైట్ రివ్యూ

నమస్కారం అండి. ఇప్పుడు మనం మధురవాడ దాటి కొమ్మాది వైపు ఒక సైట్‌లో ఉన్నాం. రెండో స్లాబ్ పడింది, గోడలు లేస్తున్నాయి. వైఫై లేదు, కరెంటు టెంపరరీ మీటరే. అదిగో, ఆ పోల్ మీద ఉన్నదే మీరంతా అడుగుతున్న సోలార్ 4జీ కెమెరా. సిమ్ వేస్తే చాలు, వైర్లు లాగక్కర్లేదు.

ముందే చెప్పేస్తాను. కొనొచ్చు. కానీ వాచ్‌మన్‌ని మాన్పించేసి ఇది పెడదాం అనుకుంటే మాత్రం వద్దు.

ఎందుకంటే, బ్యాటరీ అయిపోకుండా ఇలాంటి కెమెరాలు ఎక్కువసేపు నిద్రలోనే ఉంటాయి. ఒంటి వేడి కదిలితే పీఐఆర్ సెన్సార్ కనిపెట్టి కెమెరాని లేపుతుంది. లేచేలోపు కాస్త టైమ్ పోతుంది. పైగా ఆ సెన్సార్ అడ్డంగా నడిచే మనిషిని ఇట్టే పడుతుంది, నేరుగా ఎదురొచ్చేవాణ్ణి అంత తొందరగా పట్టదు. అందుకే గేటుకి సూటిగా కాకుండా పక్క మూల నుంచి, దారి అడ్డంగా కనిపించేలా బిగించండి. చేతికందని ఎత్తులో ఉండాలి. కెమెరానే ఎత్తుకుపోతే మెమరీ కార్డు కూడా దాంతోపాటే పోతుంది, కాబట్టి వీడియో ఇంటర్నెట్‌లో కూడా సేవ్ అయ్యే క్లౌడ్ ప్లాన్ తీసుకోండి.

పెట్టె మీద ఐపీ66 అని ఉంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోవని మాత్రమే. మన ఉప్పుగాలికి తుప్పు పట్టదని కాదు. రుషికొండ, భీమిలి వైపు సైట్లయితే స్టెయిన్‌లెస్ స్టీల్ క్లాంపులే వాడండి. ప్యానెల్ దక్షిణం వైపు తిప్పండి. తుఫాను ముసురు రోజుల్లో దింపి ఛార్జింగ్ పెట్టుకోవాల్సి రావచ్చు.

ఇక అసలు విషయం. రాత్రి రెండింటికి మీ ఫోన్‌కి కెమెరా నుంచి అలర్ట్ వచ్చిందనుకోండి. మీ ఇల్లు గాజువాకలో, సైటు ఇక్కడ. మీరొచ్చేసరికి ఏం మిగులుతుంది? 12 ఎంఎం ఊచ, 12 మీటర్ల పొడవుది, పది కిలోల పైచిలుకు. ఇద్దరు మనుషులు ఒక్క విడతలో నాలుగైదు మోసేస్తారు. అందుకే కెమెరా యాప్ వాచ్‌మన్ ఫోన్లో కూడా ఉండాలి. కెమెరా స్పీకర్లోంచి మీరు అరవండి, ఆయన లైటు వేస్తారు, 112కి ఫోన్ వెళ్తుంది. ఇనుము, సెంట్రింగ్ షీట్లు రోడ్డు పక్కన పేర్చకండి. లోపల పెట్టి గొలుసు తిప్పి తాళం వేయండి.

నాకు బాగా బాధనిపించేది రాగి వైరు సంగతి. పైపుల్లోంచి పీకేటప్పుడు బోర్డులు పగలగొడతారు, ప్లాస్టరింగ్ పాడుచేస్తారు. మళ్లీ చేయించే ఖర్చు వైరు ధరని మించిపోతుంది. తలుపులు, తాళాలు పడ్డాకే వైరు లాగించండి, దయచేసి.

దొంగ కెమెరాలో పడితే క్లిప్ వాట్సాప్‌లో పంపేసి ఊరుకోకండి. ఒరిజినల్ ఫైలు, కార్డు జాగ్రత్త చేయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న సాక్ష్యాల చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియం, 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి వీడియోని కోర్టులో పెట్టాలంటే దాంతోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. అదెలాగో ఫిర్యాదు ఇచ్చేటప్పుడే స్టేషన్‌లో అడిగి తెలుసుకోండి.