మొదలైతే కదండీ ఆగడానికి

ఆశా కార్యకర్తలకూ, నర్సమ్మలకూ నమస్కారం.

గత ఏడాది ఒకావిడ మణికట్టు విరిగి మా దగ్గరకు వచ్చారు. వయసు 56. నాలుగడుగుల ఏడంగుళాల మనిషి. కింద పడలేదు, చాప మీద నుంచి లేస్తూ చెయ్యి ఆనించారంతే, ఎముక విరిగింది. నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగాను. కొంగు సర్దుకుని, “మొదలైతే కదండీ ఆగడానికి” అన్నారు.

పదహారో ఏట ఎవరో డాక్టరు బలానికి టానిక్కు రాశారట. పెళ్లయ్యాక ఇంకొకరు గర్భసంచి చిన్నదన్నారట. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు గొడ్రాలన్నారు. నలభై ఏళ్లలో ఆమెకు దొరికిన రోగనిర్ధారణ అదొక్కటే.

కాస్త రక్తం తీసి కారియోటైప్ పరీక్షకు పంపాం. తెల్లకణాలను సుమారు మూడు రోజులు పెంచి, అవి చీలే సమయంలో ఆపి, మైక్రోస్కోపు కింద క్రోమోజోములు, అంటే జన్యువులను మోసే పోగులు, లెక్కపెడతారు. 46 ఉండాల్సినవి ఆమె కణాలు చాలావాటిలో 45 ఉన్నాయి. ఆడవాళ్లకు ఉండాల్సిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి లేదు. ఇది టర్నర్ సిండ్రోమ్. అమెరికా వైద్యుడు హెన్రీ టర్నర్ 1938లో దీని లక్షణాలు రాశారు. మూలం క్రోమోజోములో ఉందని 1959లో తేలింది. రెండు వేల నుంచి రెండున్నర వేల మంది ఆడశిశువుల్లో ఒకరికి వస్తుంది. మేనరికానికీ దీనికీ సంబంధం లేదు, ఈ మాట ఇంటింటా చెప్పండి. కొన్ని కణాల్లో రెండు ఎక్స్‌లూ ఉన్నవారిలో కొందరికి కొన్నేళ్లు నెలసరి వస్తుంది కూడా. అలాంటివారిని అనుమానించడం మరీ కష్టం.

“ఈ వయసులో తెలిసి ఏం లాభం?” అని వాళ్ల మరిది విసుక్కున్నారు. లాభం గుండె దగ్గర ఉంది. ఎకో (గుండె స్కాన్) తీస్తే, గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే బృహద్ధమని కవాటానికి మూడు రేకులకు బదులు రెండే కనిపించాయి. ఈ స్త్రీలలో ఆ ధమని ఉబ్బి, ఒక్కోసారి గోడ చీలుతుంది. అందుకే దాని వెడల్పు కొలుస్తూ ఉండాలి, బీపీని అదుపులో ఉంచాలి. థైరాయిడ్, చక్కెర, వినికిడి కూడా చూడాలి. ఎముకల సంగతి సరేసరి: వయసులో అండాశయాల నుంచి అందాల్సిన, ఎముకను గట్టిపరిచే ఈస్ట్రోజన్ హార్మోను ఆమెకు అందనే లేదు. టానిక్కు సీసాలో అది ఉండదు కదా.

రిపోర్టు వివరించి చెప్పాక ఆమె ఏడవలేదు. ఆ జబ్బు పేరును తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిమ్మన్నారు. ఎందుకమ్మా అంటే, “మా అత్తగారి ఫొటో ముందు పెడతానండీ” అన్నారు.