పెట్టె కౌంటర్ దగ్గరే తెరవండి

అందరికీ నమస్కారం. మీలో చాలామంది ఈమధ్యే అమెరికా వచ్చి, చేతిలో ఉన్న డబ్బుతో ఓ పాత కరోలానో అకార్డో కొనుక్కున్నవాళ్లు. ముందు చక్రం దగ్గర టకటకమని చప్పుడు మొదలైతే టెన్షనే. గ్యారేజీవాళ్లు చెప్పే రేటులో పార్టు ఖరీదు కొంతే, కూలీయే ఎక్కువ.

సొంతంగా చేసుకుందామంటే బాల్ జాయింట్‌ను, అంటే చక్రాన్ని బండికి కలిపే కీలును, నొక్కి ఊడదీసే ప్రెస్ కావాలి, చక్రం మధ్యలోని హబ్‌ను లాగే పుల్లర్ కావాలి. జన్మకోసారి వాడే సామాను ఎవరు కొంటారు? ఆటోజోన్, ఓరైలీ లాంటి కారు పార్టుల షాపులకు వెళ్లి 'లోనర్ టూల్', అంటే అరువుకిచ్చే పనిముట్టు, కావాలని అడగండి. టూల్ ఖరీదంతా డిపాజిట్‌గా తీసుకుంటారు. బాగా ఉన్న టూల్‌ను గడువులోగా తిరిగిస్తే పైసా తగ్గకుండా వెనక్కిస్తారు. ఆటోజోన్‌లో గడువు 90 రోజులు. అది దాటితే టూల్ మీది, డబ్బు వాళ్లది.

ఊరికే ఎందుకిస్తారంటారా? పాత బాల్ జాయింట్ ఊడదీయలేనివాడు కొత్తది కొనడు కదా. వాళ్ల వ్యాపారం పార్టుల మీద.

మా నాయనమ్మ అనేది: 'ఎరువు సొమ్ము బరువు చేటు, తియ్యా పెట్టా తీపుల చేటు, అందులో ఒకటి పోతే అప్పుల చేటు.' ఆవిడ అన్నది పెళ్లికి అడిగి తెచ్చుకున్న నగల గురించి. నాకది అర్థమైంది ఒక శనివారం సాయంత్రం, నా పాత అకార్డ్ కింద పడుకున్నప్పుడు. బండి స్టాండ్ల మీదుంది, చక్రం ఊడింది. ప్రెస్ పెట్టె తెరిస్తే, జాయింట్‌కు ఆన్చే గుండ్రటి కప్పుల్లో నాకు కావాల్సిన సైజుదే లేదు! ముందు తీసుకెళ్లినవాడు పోగొట్టాడు, కౌంటర్లో ఎవరూ చూడలేదు. నా కారేమో కదలదు. రూమ్మేట్‌ను బతిమాలి వాడి బండిలో పరుగెత్తాను. అదృష్టం, ఇంకో పెట్టె దొరికింది.

అందుకే పెట్టె కౌంటర్ దగ్గరే తెరవండి. కప్పులు లెక్కపెట్టండి, స్క్రూ మరలు అరిగాయేమో చూడండి, ఫోన్లో ఫొటో తీయండి. లేకపోతే ఎవరో పోగొట్టిన ముక్క మీ లెక్కలో పడుతుంది. తిరిగిచ్చేటప్పుడు గ్రీజు తుడిచి, రసీదు, అదే కార్డు పట్టుకెళ్లండి.

ఒక్కటి మాత్రం అరువు తెచ్చుకోవద్దంటాను: స్ప్రింగ్ కంప్రెసర్. షాక్ అబ్జార్బర్ మీది స్ప్రింగును నొక్కిపట్టేది. కొక్కెం జారితే స్ప్రింగ్ ఎగిరి చెయ్యో మొహమో పోతుంది. షాక్ అబ్జార్బర్‌ను స్ప్రింగుతో సహా బిగించి అమ్మే స్ట్రట్ కొనండి. కాస్త ఎక్కువవుతుంది, పోనివ్వండి. నట్టును కొలిచినంత బలంతోనే బిగించే టార్క్ రెంచ్ మాత్రం తప్పకుండా తెచ్చుకోండి. కరోలా చక్రం నట్లకు 76 ఫుట్-పౌండ్లు. కాలితో తొక్కి బిగించడం మన అలవాటు గానీ, బోల్టు తెగేది అలాగే.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మొదలుపెట్టే ముందు లీజు చదవండి. చాలాచోట్ల అక్కడ రిపేర్లు చేయనివ్వరు. గ్యారేజీ ఉన్న తెలుగువాళ్లెవరో ఒకరు దొరుకుతారు, బిర్యానీ పట్టుకెళ్తే చాలు.

నా డిక్కీలో ఇప్పుడు ఒక ప్రెస్ పెట్టె ఉంది, సోమవారం తిరిగివ్వాలి. చూడాలనుకున్నవాళ్లు బయటికి రండి. కప్పులు మాత్రం లెక్కపెట్టి తీసుకుంటాను.