దుబాయ్ పోయే ముందు: గసాలు, సంతకం, బకెట్ నీళ్లు

(మెట్‌పల్లి దగ్గర ఒక ఊరి గ్రంథాలయంలో, కొత్తగా గల్ఫ్ వెళ్తున్నవారితో, వారి ఇంటివారితో మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ తమ్ముళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. అక్కలు, అమ్మలు కూడా వచ్చారు, సంతోషం. ఇవాళ నేను చెప్పేదాంట్లో సగం మీకే.

నేను 2004లో దుబాయ్ పోయాను, 2022లో తిరిగొచ్చాను. పద్దెనిమిదేళ్లూ ఏసీ మెకానిక్ పనే. నేను దిగిన ఏడే బుర్జ్ ఖలీఫా పునాది పనులు మొదలయ్యాయి. ఆ బిల్డింగు ముచ్చట ఇక్కడికి చాలు, మీరంతా ఫోన్లో చూసిందే.

పోయేవాళ్లను 'దేనికి భయం?' అని అడిగితే భాష రాదంటారు, తిండి పడదేమో అంటారు. ఈ రెండింటికీ భయపడకండి. మన తెలంగాణోళ్లు మాట్లాడే ఉర్దూ కలిసిన హిందీ అక్కడ బ్రహ్మాండంగా పనికొస్తుంది. పాకిస్తానోడికి అర్థమవుతుంది, బంగ్లాదేశోడికి అర్థమవుతుంది, మలయాళీ కూడా అదే మాట్లాడతాడు. తిండికొస్తే బియ్యం, కందిపప్పు, చింతపండు అన్నీ బఖాలాలో దొరుకుతాయి. బఖాలా అంటే కిరాణా దుకాణం. నెల తిరిగేలోపు మీరే అనేస్తారు ఆ మాట.

మనల్ని ముంచేవి వేరే ఉన్నాయి. ఇక్కడ మనం చిన్నవి అనుకునేవే అక్కడ పెద్దవి అవుతాయి.

2007లో చెల్లె పెళ్లికి వచ్చి తిరిగి పోతున్నాను. రేపు తెల్లారి శంషాబాద్ బయల్దేరాలి... కాదు, అప్పటికింకా బేగంపేటే. మా ఇంటావిడ సకినాల డబ్బా సర్దింది, తొక్కు సీసా సర్దింది, మూల మీద ఒక చిన్న ముడుపు పెట్టింది. పక్కింటి మామ అప్పటికే పన్నెండేళ్లు మస్కట్, దుబాయ్ తిరిగిన మనిషి. చాయ్ తాగడానికి వచ్చి సంచి చూసి 'ఇదేంది బిడ్డా' అని ముడి విప్పాడు. పావు కిలో గసాలు. నాటుకోడి కూరలోకి అని ఆమె ప్రేమగా పెట్టింది. మామ ముఖం మాడిపోయింది. గసాలు అంటే నల్లమందు మొక్క గింజలే కదా. మన దగ్గర ఏ కిరాణా కొట్లోనైనా అమ్ముతారు. అక్కడ మాత్రం నిషేధం, మాదక ద్రవ్యాల లెక్కలోకి వస్తాయి. కోడికూర కోసం తెచ్చానని నువ్వు చెప్పేది ఎయిర్‌పోర్టులో ఎవడు వింటాడు?

కాబట్టి అమ్మలారా, గసాలు వద్దు. గసాలు కలిపి దంచిన మసాలా పొడి కూడా వద్దు. తంబాకు, గుట్కా అసలే వద్దు. మందు గోలీలతో కూడా జాగ్రత్త. ట్రామడాల్ ఉన్న నొప్పుల గోలీ, కోడీన్ ఉన్న దగ్గు మందు, నిద్ర గోలీలు ఇక్కడ చీటీ లేకుండానే ఇచ్చేస్తుంటారు. అక్కడ అవి కంట్రోల్డ్ మందులు. అక్కడి ఆరోగ్య శాఖ దగ్గర ముందే ఆన్‌లైన్‌లో పర్మిషన్ తీసుకుంటేనే పట్టుకపోవాలి. బీపీ, షుగర్ గోలీలైనా సరే డాక్టర్ చీటీతో, అట్టపెట్టెతో సహా పెట్టుకోండి. ఇంకొకరి పార్సిల్ పట్టుకపోవాల్సి వస్తే నీ చేత్తో విప్పి చూసి, నువ్వే మళ్లీ కట్టు. 'నా మీద నమ్మకం లేదా' అని అలిగితే అలగనీ.

ఇప్పుడు కాగితాల ముచ్చట. నాది చెప్తాను, అప్పు సంగతి తెలుస్తుంది. 2004లో ఏజెంటుకు 70 వేలు కట్టాను, మూడు రూపాయల మిత్తికి తెచ్చి. అంటే నెలకు మిత్తే 2,100. జీతం 600 దిర్హాంలు. అప్పట్లో దిర్హాం పన్నెండు రూపాయల చిల్లర, కాబట్టి ఏడున్నర వేలు. తిండికి 200 దిర్హాంలు పోతే చేతిలో మిగిలేది ఐదు వేలు. మిత్తి పోయాక మూడు వేలు కూడా లేవు. సబ్బు, ఫోను కార్డు అందులోనే. అసలు తీరేసరికి రెండేళ్లు దాటింది. ఆ రెండేళ్లు నేను దుబాయ్‌లో ఉన్నానని ఊళ్లో అందరూ అనుకున్నారు. నేను ఉన్నది షావుకారు పద్దులో.

మీరు ఆ తప్పు చేయకండి. లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగలిగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకు మించి అడిగితే ఆగండి. వీసా, రిక్రూట్‌మెంట్ ఖర్చులు కంపెనీయే పెట్టుకోవాలని అక్కడి చట్టం. ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి, భారత ప్రభుత్వం వారి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో కొట్టి చూడండి. నంబరు చెప్పకుండా నసుగుతున్నాడంటే లేచి వచ్చేయండి. బయటి దేశాల పనులకు మనుషుల్ని పంపడానికి రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది, అక్కడ కూడా అడగొచ్చు.

పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) అని ఉంటుంది. వాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే పనికి బయటి దేశం పోవడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తప్పనిసరి. దాంతోపాటే ప్రవాసీ భారతీయ బీమా చేస్తారు. రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే ఇంటివాళ్లకు పది లక్షలు. ఈ క్లియరెన్స్ తప్పించుకోవడానికే కొందరు ఏజెంట్లు 'విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకోవచ్చు' అంటారు. విజిట్ వీసా మీద పని చేస్తే అక్కడ నేరం. వీసా గడువు దాటితే రోజుకు 50 దిర్హాంలు జరిమానా, అంటే నెలకు 1,500. కూలి మనిషి జీతం కంటే ఎక్కువ. అట్ల చిక్కుకుని దాక్కుంటూ తిరిగేవాణ్ని మనోళ్లు 'ఖల్లివల్లి అయ్యిండు' అంటారు. నవ్వుతూ అనే మాటే గానీ, ఖల్లివల్లి అయినోడికి జ్వరమొస్తే దవాఖానకు పోవడానికి కూడా టెన్షనే.

ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేముందు ఒక్క గీత చూడండి: బేసిక్, అంటే అలవెన్సులు కలపని అసలు జీతం, ఎంత అని. మనోళ్లు మొత్తం ఎంతని అడుగుతారు, బేసిక్ అడగరు. పని మానేసి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ బేసిక్ మీదే లెక్క. మొదటి ఐదేళ్లలో ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం. చేతికొచ్చేది 900 అనుకుందాం. బేసిక్కే 900 ఉంటే రోజుకు 30, ఏడాదికి 630, ఐదేళ్లకు 3,150 దిర్హాంలు. అదే 600 బేసిక్, 300 అలవెన్సు అని రాస్తే ఐదేళ్లకు 2,100. చేతికొచ్చే జీతం అదే, ఒక్క గీత తేడాకు వెయ్యి దిర్హాంలు పోయాయి. ఆఫర్ లెటర్ అరబ్బీ, ఇంగ్లిష్‌తో పాటు మీకు తెలిసిన ఇంకో భాషలో కూడా ఉంటుంది, హిందీ అడగండి. ఇక్కడ చూపించిన కాగితం, అక్కడ దిగాక చూపించే కాగితం రెండూ ఒకటేనా అని పక్కపక్కన పెట్టి చూడండి. రోజుకు ఎనిమిది గంటలు, ఆపైన చేస్తే ఓటీకి పాతిక శాతం ఎక్కువ, రాత్రి పది నుంచి నాలుగు మధ్యనైతే యాభై శాతం ఎక్కువ. జీతం బ్యాంకు ద్వారానే పడాలి. ఆ కార్డు నీ జేబులో ఉండాలి. పాస్‌పోర్టు కంపెనీవాళ్లు పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు.

ఇక ఎండ. 'మాకు ఎండ కొత్తా?' అంటారు. నిజమే, మే నెలలో జగిత్యాలలో 45 చూసినోళ్లమే. కానీ ఇక్కడ చెమట ఆరుతుంది. ఆరేటప్పుడు ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. దుబాయ్ ఎడారే గానీ సముద్రం ఒడ్డున ఉంది. ఆగస్టులో రాత్రి తొమ్మిదింటికి ఏసీ గదిలోంచి బయటికొస్తే కళ్లద్దాలు ఒక్కసారి తెల్లగా కమ్ముకుపోతాయి. అంత ఉక్క. చొక్కా పిండితే నీళ్లు కారతాయి, ఒళ్లు మాత్రం చల్లబడదు. అందుకే అక్కడ 42 ఇక్కడి 45 కంటే ఎక్కువ కొడుతుంది.

కొత్తగా పోయినోడి ఒళ్లు ఆ వేడికి అలవాటు పడడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎక్కువగా దెబ్బతినేది ఆ రోజుల్లోనే. కుర్రాళ్లు ఫోర్‌మన్ ముందు మెప్పు కోసం మొదటి రోజే ఎగబడతారు. వద్దు. దాహం వేయకముందే తాగండి, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు చొప్పున. చెమటతో ఉప్పు కూడా పోతుంది, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకోండి. మూత్రం చిక్కటి చాయ్ రంగులోకి వచ్చిందంటే ఒంట్లో నీళ్లు అయిపోతున్నాయని గుర్తు. ఏళ్ల తరబడి అట్లనే లాగిస్తే కిడ్నీలు పాడవుతాయి. పక్కనోడు తిక్కతిక్కగా మాట్లాడుతున్నా, తూలుతున్నా 'తాగిండేమో' అనుకోకండి. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 998కి ఫోన్ చేయండి. అది అంబులెన్సు. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. చేయిస్తే ఒక్కో మనిషికి 5,000 దిర్హాంలు కంపెనీకి జరిమానా.

నీళ్ల ముచ్చట ఒకటి చెప్పాలి, దీన్ని ఎవరూ చెప్పరు. అక్కడ నల్లా నీళ్లు ఎక్కువగా సముద్రం నీళ్లలో ఉప్పు తీసి ఇచ్చేవే. అవి మిద్దె మీద ట్యాంకులో ఉంటాయి. జులైలో పొద్దున డ్యూటీకి పోయేముందు చన్నీళ్ల నల్లా తిప్పితే చేయి కాలుతుంది. నేను మొదటి రోజు గీజర్ చెడిపోయిందనుకుని విప్పబోయాను, మెకానిక్ బుద్ధి కదా. రూములో ముసలాయన నవ్వాడు. రాత్రే బకెట్ నింపి ఏసీ ఉన్న గదిలో మంచం కింద పెట్టుకోవాలని నేర్పాడు. ఫ్లాట్లలో ఉండేవాళ్లు ఎండాకాలం గీజర్ స్విచ్ బందు చేసి, వేడినీళ్ల నల్లా తిప్పి చల్లటి నీళ్లు వాడుకుంటారు. ట్యాంకు ఎండలో, గీజర్ ఏసీ ఇంట్లో. ఎడారి ఊళ్లో అన్నీ ఇట్ల తలకిందులే.

వాన కూడా అంతే. పడదు పడదు అనుకుంటాం. 2024 ఏప్రిల్ 16న అక్కడ లెక్కలు రాయడం మొదలైన 75 ఏళ్లలో ఎన్నడూ లేనంత కురిసింది, ఎయిర్‌పోర్టు రన్‌వేలే మునిగాయి. కాబట్టి పాస్‌పోర్టు, కాంట్రాక్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టి పైమంచం మీద ఉంచండి. ఒక సెట్టు జిరాక్సు ఇంట్లో ఉండాలి. అక్కలారా, ఆ సెట్టు మీ బాధ్యత.

ఫోన్ గురించి ఇంటివాళ్లు వినండి. అక్కడ వాట్సాప్ మెసేజ్ పోతుంది, కాల్ పోదు. దిగిన రోజు కొడుకు ఫోన్ ఎత్తట్లేదని తల్లులు అన్నం మానేస్తారు. పోయేముందే ఇద్దరి ఫోన్లలో బోటిమ్ అనే కాలింగ్ యాప్ వేసుకోండి. టైము మనకంటే గంటన్నర వెనక. సిమ్ కార్డు ఎమిరేట్స్ ఐడీ, అంటే అక్కడి గుర్తింపు కార్డు, మీద వస్తుంది. దోస్తుకు సిమ్ తీసిచ్చావో, బ్యాంకు కార్డు ఇచ్చావో, వాడు చేసిన మోసం కేసు నీ మీదకే వస్తుంది. యాక్సిడెంట్ కనబడితే రీల్ తీయకు, తెలియనివాళ్ల ఫోటో తీయకు. మనూరోడు చనిపోతే చందాలు పోగుచేయడం మన పద్ధతి. అక్కడ అనుమతి లేకుండా చందాలు వసూలు చేయడం కూడా నేరమే. ఈ ఒక్క రూలు నాకు ఇప్పటికీ మింగుడు పడదు, కానీ రూలు రూలే.

మెట్రోలో తినకూడదు, తాగకూడదు, వంద దిర్హాంలు పోతాయి. ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటకూడదు. రంజాన్ నెలలో పగటిపూట నలుగురిలో తినకండి. ఆ నెల డ్యూటీ కూడా రోజుకు రెండు గంటలు తగ్గుతుంది, అది అందరికీ.

ఏదైనా కష్టమొస్తే భారత కాన్సులేట్ సహాయ కేంద్రం నంబరు 80046342, పైసా ఖర్చు కాదు, ఇరవై నాలుగు గంటలూ ఎత్తుతారు. పోలీసు 999. ఇవి ఫోన్లోనే కాదు, చిన్న కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, ఫోన్లో అన్నిసార్లూ చార్జింగ్ ఉండదు. మనిషి పోతే, ఆ మాట అనడం ఇష్టం లేదు గానీ చెప్పాలి, గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల ఇంటికి రాష్ట్ర ప్రభుత్వం ఐదు లక్షలు ఇస్తోంది. కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టుకోవాలి.

ఆఫర్ లెటర్లు తెచ్చుకున్నవాళ్లు ఆ కిటికీ పక్క టేబుల్ దగ్గరికి రండి. నా కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోయాను, మా అమ్మాయి చదివి వినిపిస్తుంది. బేసిక్ ఎంతుందో ముందు చూద్దాం.