పట్టా మీద ఒక గీత

శ్రోతలకు నమస్కారం.

ఇవాళ మీకు ఒక డిగ్రీ పట్టా సంగతి చెప్పాలి. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివిన ఒక విద్యార్థినిది. ఆడపిల్ల ఆ పట్టా అందుకుంటుందని అచ్చు వేయించిననాడు ఎవరికీ తోచలేదు. 'అతడు' అన్న ఇంగ్లీషు మాటే అచ్చయింది. దాని మీద గీత కొట్టి 'ఆమె' అని రాసి ఇచ్చారు.

ఆమె అయ్యలసోమయాజుల లలితగారు. మన తెలుగింటి ఆడపడుచు. పదిహేనో ఏట పెళ్లి, పద్దెనిమిదో ఏట వైధవ్యం, ఒడిలో నాలుగు నెలల పసిపాప. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీలోనే ప్రొఫెసరు. నా కూతురికి సీటివ్వండని అడిగారు. ప్రిన్సిపాల్ చాకోగారు ఒప్పుకున్నారు. 1940లో లలితగారు చేరారు, ఎలక్ట్రికల్ బ్రాంచి. అంతమంది మగపిల్లల్లో ఒక్కర్తీ.

ఈ 'ఒక్కర్తీ' దగ్గర కాస్త ఆగుతాను. పాఠాలు ఆమెను బాధపెట్టలేదు, హాస్టల్లో ఒంటరితనం బాధపెట్టింది. తరవాత లీలమ్మ జార్జి, త్రేసియా అని ఇంకో ఇద్దరు అమ్మాయిలు సివిల్‌లో చేరారు. తోడు దొరికింది. ముగ్గురూ ఇంజనీర్లయ్యారు. లలితగారు భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ లైన్ల పని చేశారు. త్రేసియాగారు కేరళలో చీఫ్ ఇంజనీరయ్యారు.

ఐఐటీల్లో 2016లో సీట్లు పొందినవాళ్లలో అమ్మాయిలు నూటికి ఎనిమిది మందే. 2018 నుంచి వాళ్లకు అదనపు సీట్లు పెడితే 2020కల్లా ఇరవై అయ్యారు. మన ఊళ్లలో కంప్యూటర్ సైన్స్ క్లాసుకు అమ్మాయిలు బాగానే వస్తున్నారు. మెకానికల్ క్లాసులోకి తొంగిచూడండి, చాలాచోట్ల ఒక్కర్తీ, ఇద్దరూ. నాకు అదే దిగులు.

మా బంధువులమ్మాయి ఒకతి స్టూలెక్కి ఫ్యాను విప్పి కెపాసిటర్ మార్చేస్తుంది. ఇంజనీరింగ్ సీటు కోసం కాలేజీలూ బ్రాంచీలూ వరసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టే రాత్రి ఫోను వాళ్ల నాన్న చేతిలో ఉంది. "ఆడపిల్లకి మెకానికలేంటమ్మా" అని ఆయన ఆ బ్రాంచిని అట్టడుక్కి నెట్టేశాడు. మంచి మనిషే. భయపడ్డాడు, అంతే.

ఆ భయం ఉన్న తల్లిదండ్రులకు ఒక్క మాట. మీ అమ్మాయి మెకానికల్ అంటే వద్దనకండి. కాలేజీకి ఫోన్ చేయండి. ఆ బ్రాంచిలో సీనియర్ అమ్మాయిలు ఎంతమందో అడగండి. వాళ్లలో ఒకరితో మీ అమ్మాయిని మాట్లాడించండి. ఇంటర్‌లో తనతో చదివిన ఇంకో పిల్లకి అదే బ్రాంచి మీద మనసుందేమో కనుక్కోండి. ఇద్దరూ ఒకే కాలేజీ పెట్టుకోవచ్చు. ఆప్షన్లు ఫ్రీజ్ చేసేలోపే, అంటే ఖాయం చేసేలోపే, ఈ పని చేయండి.