షాక్‌లు పోయాయా లేదా? బానెట్ నొక్కి చూసే టెస్ట్‌ను నమ్మొచ్చా?

నమస్తే అండి. ఇవాళ కొత్త వస్తువేదీ రివ్యూ చేయట్లేదు. కారు షాక్ అబ్జార్బర్లు బాగున్నాయో లేదో చూడటానికి మనం చేసే టెస్టులు ఉన్నాయి కదా, వాటికే మార్కులు వేద్దాం.

ముందు అందరికీ తెలిసిన టెస్ట్. బానెట్ మూల మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి వదిలేయడం. ఇదిగో నొక్కుతున్నా... వదిలా. పైకి లేచింది, కాస్త దిగింది, ఆగిపోయింది. ఇంకేముంది, షాక్‌లు బ్రహ్మాండంగా ఉన్నాయనేస్తాం. సరే, ఇదే కారు, ఇదే మూల. గుర్తుపెట్టుకోండి, మళ్లీ ఇక్కడికే వద్దాం.

అసలు షాక్ ఏం చేస్తుంది? చాలామంది బండి బరువు మోస్తుందనుకుంటారు. మోసేది స్ప్రింగ్. ఆ స్ప్రింగ్ ఊగుతూ ఉండిపోకుండా పట్టుకునేది షాక్. లోపల ఆయిల్, అందులో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి దారులు, వాల్వులు. చక్రం లేచి దిగినప్పుడల్లా ఆయిల్ ఆ సందుల్లోంచి ఇరుక్కుంటూ వెళ్లాలి. అలా ఊపు కాస్తా వేడిగా మారి పోతుంది. మనం చేత్తో నొక్కితే పిస్టన్ మెల్లగా కదులుతుంది. గుంతలో పడ్డప్పుడు కదిలే వేగం వేరు. అందుకే ఈ టెస్ట్‌లో బండి రెండు మూడు సార్లు ఊగిందంటే షాక్ పోయినట్టే, అనుమానం అక్కర్లేదు. ఊగలేదంటే మాత్రం బాగున్నట్టు కాదు. పదికి నాలుగు మార్కులు.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన టెస్ట్. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకి తిప్పేశాను, టైరు ముఖం బయటికొచ్చింది. అరచేయి ఆనించి, టైరు గుండ్రం వెంబడి మెల్లగా జరుపుతున్నా. ఇక్కడ ఎత్తు... ఇక్కడ పల్లం... మళ్లీ ఎత్తు. కెమెరాలో మీకు సరిగ్గా కనబడకపోవచ్చు, నా కంటికీ అంతగా కనబడట్లేదు, చేతికి మాత్రం దొరుకుతోంది. చక్రం రోడ్డుని వదిలి మళ్లీ తగులుతూ ఉంటే రబ్బరు ఇలా మచ్చలు మచ్చలుగా అరుగుతుంది. దీన్నే కప్పింగ్ అంటారు. వీల్ బ్యాలెన్స్ తప్పినా, బేరింగ్ పోయినా ఇలాగే రావచ్చు, కాబట్టి అవీ చూడాలి. ఒక అంచు మాత్రమే అరిగితే అలైన్‌మెంట్ వైపు వెళ్లండి. రెండంచులూ అరిగితే గాలి తక్కువ. ఈ టెస్ట్‌కి పదికి ఎనిమిది.

ఇక టార్చ్ పట్టుకుని చక్రం వెనక్కి తొంగిచూద్దాం. ఇది స్ట్రట్, అంటే స్ప్రింగూ షాకూ కలిపి ఒకే సెట్‌గా బిగించింది. షాక్ బాడీ మీద పల్చగా ఆయిల్ తడి ఉంటే కంగారు పడక్కర్లేదు, మామూలే. కానీ ఇక్కడ చూడండి, ఆయిల్ కారి, దాని మీద దుమ్ము పట్టి, నల్లటి ముద్దలా అయింది. పైన దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు (బూట్) చిరిగింది. ఇందాక నొక్కితే బుద్ధిగా ఆగింది ఈ మూలే!

నడిపి చూడటం కూడా మంచి టెస్టే, ఒక చిక్కుంది. షాక్ ఒక్కరోజులో పోదు, నెలల తరబడి మెత్తబడుతుంది. రోజూ నడిపేవాళ్లకి ఆ తేడా తెలియదు, అలవాటైపోతుంది. ఆ బండి ఎప్పుడూ నడపనివాళ్లకి ఓసారి ఇవ్వండి. బ్రేక్ వేస్తే ముక్కు బాగా వంగుతోందా, గతుకు దాటాక బండి ఇంకా ఊగుతోందా, వేగంలో పడవలా తేలుతోందా, వాళ్లు వెంటనే చెప్పేస్తారు.

శబ్దం సంగతి కూడా చెప్పాలి. నా పాత కారులో గతుకుల మీద టక్ టక్ అంటుంటే ముందు షాక్‌లు రెండూ మార్పించేశాను. శబ్దం అలాగే ఉంది! చివరికి చూస్తే స్టెబిలైజర్ లింక్ లూజు, అంటే మలుపుల్లో బండి పక్కకి ఒరగకుండా చూసే కడ్డీని పట్టుకునే చిన్న రాడ్. అందుకే శబ్దం ఒక్కదాన్నే నమ్మి డబ్బు పెట్టకండి. శబ్దానికి మూడు మార్కులు, అవీ మొహమాటానికి.

షాక్‌లు ఎన్ని కిలోమీటర్లకి మార్చాలని అడిగేవాళ్లకి: మోన్రో, కేవైబీ లాంటి తయారీ కంపెనీలు చెప్పేది దాదాపు 80,000 కిలోమీటర్లు. గతుకుల రోడ్లలో తిరిగే బండికి అంతవరకు ఆగకుండా చూపించుకోవడం మేలు.

మార్చాల్సి వస్తే ఒక్కటి కాదు, ముందువైతే ముందు రెండూ, వెనకవైతే వెనక రెండూ కలిపి. స్ట్రట్ అయితే పైన ఉండే మౌంట్, బేరింగ్ కూడా అప్పుడే చూపించుకోండి, దానికోసం మళ్లీ విప్పడమంటే రెండోసారి కూలి. ఇంట్లో స్ట్రట్ విప్పే సాహసం మాత్రం చేయకండి. అందులో స్ప్రింగ్ నొక్కి బిగించి ఉంటుంది, దాన్ని నొక్కిపట్టే సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా నట్ తీస్తే ఎగిరి మనిషికే తగులుతుంది. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించాకే లాంగ్ డ్రైవ్. నేనైతే రేపు పొద్దున్నే దీని ముందు స్ట్రట్‌లు రెండూ మార్పించడానికి వెళ్తున్నా. విప్పిన పాత స్ట్రట్‌ని పక్కన పెట్టి, రాడ్ చేత్తో నొక్కితే ఎంత తేలిగ్గా దిగుతుందో వచ్చే వీడియోలో చూపిస్తాను.