పప్పు ఉడికిన నీళ్ళన్నీ మంచినీళ్ళు కావు

(గ్రామీణ తాగునీటి స్వచ్ఛంద కార్యకర్తల శిక్షణ తొలిరోజున చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, మహిళా సంఘాల నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళకు, ఈ పనికి తమంతట తాముగా పేర్లిచ్చిన యువతీయువకులకు నమస్కారం.

మన పల్లెల్లో నీటిని పరీక్షించే పద్ధతి అమ్మమ్మల కాలం నుంచీ ఒకటి ఉంది. కందిపప్పు త్వరగా మెత్తబడితే, సబ్బు బాగా నురగొస్తే, నాలుకకు ఉప్పదనం తగలకపోతే అవి మంచినీళ్ళని మనవాళ్ళ నమ్మకం. అందులో అనుభవం ఉంది, నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఫ్లోరైడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ పరీక్షే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. పప్పును ఉడకనివ్వని కాల్షియం నీటిలో బాగా ఉన్నచోట ఫ్లోరైడ్ దానితో కలిసి అడుగున పేరుకుంటుంది. కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బనేట్ ఎక్కువగా ఉన్న నీటిలోనే అది కరిగి నిలుస్తుంది. అందువల్ల చాలాచోట్ల పప్పు చక్కగా ఉడికే తియ్యని బోరునీళ్ళే పిల్లల పళ్ళకు గారను, పెద్దల కీళ్ళకు నొప్పిని తెచ్చిపెట్టాయి. కాచి తాగమని మనం చెప్పే సలహా కూడా ఇక్కడ పనికిరాదు. కాచినకొద్దీ నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ మిగిలిపోతుంది.

ఫ్లోరోసిస్ అనే ఈ వ్యాధిని మన దేశంలో తొలిసారి 1937లో వైద్య పత్రికకు ఎక్కించింది మన తెలుగు నేల నుంచే, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. అంతకుముందే ఎద్దులు కాళ్ళు బిగిసి నడవలేకపోవడాన్ని రైతులు గమనించారని ఈ విషయం మీద రాసినవాళ్ళు చెబుతారు. నాకు ఆ సంగతి ఎంతో విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే ప్రయోగశాల కంటే ముందు కళ్ళు తెరిచి చూసినవాడు తన పశువును రోజూ తడిమి చూసుకునే మనిషి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే ఆధారం లేనప్పుడు మాత్రమే ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చుననీ నేటి భారతీయ ప్రమాణం చెబుతోంది.

దీనికి విరుగుడు కూడా మన పేరుతోనే ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతిని దేశమంతా ‘నల్గొండ పద్ధతి’ అంటారు. నీటిలో తగిన పాళ్ళలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి, కలియబెట్టి, తేరనిచ్చి, పై నీటిని వాడుకోవాలి. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. కానీ ప్రతిరోజూ ఒక మనిషి కావాలి. కొలత తప్పకుండా వేయడానికి, అడుగు మడ్డిని తీసి ఎవరికీ హాని లేని చోట పారబోయడానికి. నేను చూసిన ఒక ఊళ్ళో ఆ తొట్టి రెండు నెలలు పనిచేసి ఆగింది. లోపం రసాయనాల్లో లేదు. పటిక అయిపోయిన రోజున కొనవలసింది ఎవరో ముందుగా అనుకోలేదు, అంతే. నా ఇరవయ్యేళ్ళ పనిలో ఇంతకంటే పెద్ద పాఠం లేదు. నీటి పథకం కట్టిన రోజున పదిమంది ఫోటో దిగుతారు. మనం అవసరమయ్యేది ఆ తర్వాత మూడో నెలలో.

చేతిపంపు సంగతి చూడండి. మన ఊళ్ళన్నిటికీ తెలిసిన ఇండియా మార్క్ టూ పంపు గట్టిది, లక్షల మంది దాహం తీర్చింది. అయితే లోపల వాషరు అరిగితే గొట్టాల వరుస మొత్తం పైకి లాగాలి. దానికి బండి, పనిముట్లు, నలుగురు మనుషులు కావాలి. కబురు పంపి వాళ్ళకోసం ఎదురుచూసే రోజుల్లో ఆడవాళ్ళు వాగు చెలమకో, పాత బావికో పోతారు. తర్వాత వచ్చిన మార్క్ త్రీలో గొట్టాన్ని లావుగా పెట్టి, గొట్టాలు తీయకుండానే పిస్టన్‌ను పైకి తీసే వీలు కల్పించారు. అంటే మరమ్మతు మండల కేంద్రం నుంచి ఊళ్ళోకి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని బాందా ప్రాంతంలో 1990ల తొలినాళ్ళలో, అక్షరం రాని దళిత మహిళలు కూడా ‘మహిళా సమాఖ్య’ అనే ప్రభుత్వ మహిళా విద్యా కార్యక్రమం ద్వారా చేతిపంపులు బాగుచేయడం నేర్చుకుని, రెంచీలు పట్టుకుని ఊరూరా తిరిగారు. ‘ఇది మగవాళ్ళ పని’ అని మీలో ఎవరితోనైనా అంటే వాళ్ళను గుర్తుచేయండి.

ఇప్పుడు పైపుల నీళ్ళ గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మీ పనిలో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటుంది. జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న మొదలైంది. ఇంటింటికీ కొళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు దాని లక్ష్యం. ఊరి నీటి సంఘంలో సగం మంది స్త్రీలు ఉండాలనీ, ప్రతి ఊళ్ళో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష నేర్పాలనీ అందులోనే ఉంది. కొళాయి వచ్చింది కదా అని నీరు మంచిదైపోదు. రోజుకు గంటసేపు నీళ్ళు వదిలి మిగతా సమయం ఆపేసే ఊళ్ళో, నీళ్ళు ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోయి, పగిలిన చోటినుంచి పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. నీళ్ళు సన్నగా వస్తున్నాయని కొళాయి కింద గుంత తవ్వుకుంటే ఆ గుంతలో నిలిచిన నీరూ అదే దారి పడుతుంది. పైపుకు నేరుగా మోటారు బిగించుకున్న ఇల్లు, చివరి వీధి నీటిని లాక్కోవడమే కాక ఆ మురుగును కూడా ఊరి మీదికి లాగుతుంది.

కాబట్టి పరీక్షను ట్యాంకు దగ్గర మొదలుపెట్టకండి. పైపు చివర ఉన్న ఇంట్లో మొదలుపెట్టండి. చాలా ఊళ్ళలో ఆ చివరి ఇల్లు ఎస్సీ కాలనీలోనో, ఎస్టీ కాలనీలోనో ఉంటుంది. ఇది యాదృచ్ఛికం కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. అక్కడి కొళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్, అంటే క్రిములను చంపే మందు, మిగిలి ఉంటే మందు ఊరి చివరిదాకా అందినట్టు. ఎంత వేయాలో కూడా లెక్కతోనే వేయాలి. 40,000 లీటర్ల ట్యాంకుకు లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున 80 గ్రాముల క్లోరిన్ కావాలి. బ్లీచింగ్ పౌడరులో నాలుగో వంతు క్లోరిన్ ఉంటే 320 గ్రాములు సరిపోతుంది. మూతి విప్పి నెలల తరబడి గోడవార పడేసిన సంచిలో పదో వంతే మిగిలి ఉంటే 800 గ్రాములు పడుతుంది. ‘రోజూ వేస్తూనే ఉన్నామండీ’ అని వాటర్‌మ్యాన్ చెప్పేది నిజమే కావచ్చు, సంచిలోనే సత్తువ పోయి ఉండవచ్చు. అతన్ని కోప్పడకండి. అతని జీతం సమయానికి అందుతోందో లేదో ముందు కనుక్కోండి.

నీటి ఆధారం మాట ఒక్కటి చెప్పి ముగిస్తాను. 2000ల దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే తమ బోర్లలో నీటిమట్టం కొలిచి, వాన కొలిచి, రబీ పంటకు ముందు ఊరి నీటి లెక్కను అందరి ముందూ వేసుకున్నారు. తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతోంది. బోరు లారీ ఊళ్ళోకి వచ్చిన రాత్రి చట్టం మాట ఎవరూ వినరు. వేసవికి ముందే, గోడ మీద రాసిన ఆ నీటిమట్టం అంకెలను రోజూ చూసిన రైతు మాత్రం ఆలోచిస్తాడు.

భోజనాల తర్వాత మనం ఈ ఊరి ఎస్సీ కాలనీ చివరి కొళాయి దగ్గర కలుద్దాం. క్లోరిన్ పరీక్ష అక్కడికక్కడే చేద్దాం. నీటిలో మురుగు క్రిములుంటే నల్లబడే మలిన పరీక్ష సీసాలు మూడు నింపి, ఈ సాయంత్రం ఇక్కడి అక్కలకే అప్పగిస్తాను. నీరు నల్లబడిందో లేదో ఎల్లుండి వాళ్ళే మనకు చెబుతారు.